నెల్లూరు ఎండల్లో హైడ్రేంజియా పూలు వాజులో వారం నిలవాలంటే

పోయిన ఏప్రిల్‌లో మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థానికి స్టేజీ మీద నీలం హైడ్రేంజియాలు, అంటే పెద్ద పెద్ద గుత్తులుగా పూసే పూలు, పెట్టించాం. చెన్నై నుంచి వచ్చిన పూలు. ఒక్కో కాడకు పెట్టిన డబ్బుతో ఇంటిల్లిపాదికీ మల్లెపూలు వచ్చేవి. మధ్యాహ్నం మూడింటికి అమర్చారు. అయిదున్నరకు పెళ్లికొడుకు వాళ్లు కారు దిగేసరికి గుత్తులన్నీ తలలు వాల్చేశాయి. రేకలు నీళ్లలో నానిన కాగితంలా మెత్తబడిపోయాయి. డెకరేషన్ అబ్బాయి "మన ఎండకు ఇవి ఇంతేనమ్మా" అంటూ ఒక్కొక్కటే పీకి చెత్తసంచిలో వేస్తున్నాడు. మా అత్తయ్య ఆ సంచిలోంచి నాలుగు కాడలు ఏరి, వంటవాళ్ల దగ్గరున్న నీళ్ల డ్రమ్ములో తలతో సహా ముంచేసింది. "దాహంతో సొమ్మసిల్లిన దాన్ని ఎవురైనా పారేస్తారా మే?" అంది నాతో. భోజనాలయ్యాక వెళ్లి చూస్తే నాలుగింటిలో మూడు లేచి నిలబడి ఉన్నాయి.

అత్తయ్య అన్నమాట అక్షరాలా నిజం. వాజులో పెట్టిన మూడు గంటలకే వాలిపోయిన హైడ్రేంజియా ముసలిదై వాలిపోలేదు, నీళ్లందక వాలిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు ఈ పూలు చేతికొచ్చినా అదొక్కటే గుర్తుపెట్టుకుని చేస్తూ వచ్చాను. నడి వేసవిలో అయిదు రోజులు, డిసెంబరులో వారం దాటి నిలిచాయి. ఏం చేయాలో వరసగా చెబుతాను. దేనికోసం చేస్తున్నామో కూడా చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు.

ముందు ఈ పువ్వు సంగతి. హైడ్రేంజియా అనే పేరు గ్రీకు భాషలో నీళ్లు, పాత్ర అనే రెండు మాటల నుంచి వచ్చింది. దాని కాయ చిన్న నీళ్లకుండ ఆకారంలో ఉంటుందని ఆ పేరు పెట్టారు. తాగే నీళ్లను చూసినా ఆ పేరు సరిపోతుంది. మనం రేకలు అనుకునేవి నిజానికి రేకలు కావు, పువ్వు కింద ఉండే రక్షకపత్రాలు అంత పెద్దవై రంగు తేలాయి. అసలు పువ్వులు గుత్తి లోపల సన్నటి పూసల్లా దాగి ఉంటాయి. ఒక గుత్తికి అలాంటి పత్రాలు వందల్లో ఉంటాయి, వాటి నుంచి నీళ్లు ఆవిరవుతూనే ఉంటాయి. కింద అరచేయంత ఆకులు. వీటన్నింటికీ నీళ్లు మోసేది ఒకే ఒక్క కాడ. ఆ కాడ మొదట్లో గాలి బుడగ చేరినా, కోసిన చోట కారిన జిగురు గట్టిపడినా, వాజు నీళ్లలో పుట్టిన బాక్టీరియా అడ్డం పడినా పైన గుత్తికి నీళ్లు ఆగిపోతాయి. కాబట్టి మన పని రెండే రెండు. కాడలోకి నీళ్లు ఎక్కనివ్వాలి, గుత్తిలోంచి నీళ్లు తొందరగా పోకుండా చూడాలి.

పూలు ఎంచుకోవడం, ఇంటికి తేవడం

జపాన్‌లో పుట్టిన మొక్క ఇది. మన దేశంలో ఊటీ, కొడైకెనాల్ లాంటి చల్లటి కొండ ఊళ్లలో ఇళ్ల ముందు విరగబూస్తుంది. నెల్లూరు, ఒంగోలు దాకా వచ్చేసరికి అది ఎంతో దూరం ప్రయాణం చేసి ఉంటుంది. అందుకే కొనేటప్పుడు చేత్తో ముట్టుకుని చూడండి. రేక వేళ్ల మధ్య కాస్త గట్టిగా, కొత్త నోటులా తగిలితే ముదిరిన గుత్తి, నిలుస్తుంది. పట్టుగుడ్డలా మెత్తగా జారుతుంటే లేత గుత్తి. చూడ్డానికి లేతదే ముద్దుగా ఉంటుంది కానీ సాయంత్రానికే ఏడిపిస్తుంది. గుత్తి మధ్యలోని సన్నపూసలు విచ్చుకుని ఉంటే ఇంకా మంచిది. పెరట్లో కుండీలో పెంచుతున్నవాళ్లు కూడా ఇదే చూసుకుని, తెల్లవారుజామున ఎండ పొడ రాకముందే కోయాలి. ముందురోజు సాయంత్రం కుండీకి నిండా నీళ్లు పోయండి. మధ్యాహ్నం కోసిన పువ్వు అప్పటికే దాహంతో ఉంటుంది.

కొన్నిసార్లు కాడ చివర నీళ్లున్న చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి అమ్ముతారు. దాన్ని ఇంటికొచ్చేదాకా తీయకండి. చెన్నై నుంచి నెల్లూరుకు రోడ్డు మీద మూడు గంటల పైమాటే. కోయంబేడు మార్కెట్లో కొనుక్కుని వచ్చేవాళ్లు కారు డిక్కీలో మాత్రం పెట్టకండి, అందులో వేడి ఆవిరిపెట్టెలో ఉన్నట్టుంటుంది. వెనక సీటు కింద బకెట్ పెట్టి, అందులో నాలుగు అంగుళాల నీళ్లు పోసి కాడలు నిలబెట్టండి. గుత్తుల మీద తడిపి పిండిన పాత కాటన్ చీర ముక్క వదులుగా కప్పండి. మల్లెమొగ్గల్ని తడిగుడ్డలో చుట్టి పెట్టడం మనకు అలవాటే కదా, అదే పద్ధతి. కాకపోతే మల్లెకు తడిగుడ్డ ఒక్కటే చాలు, దీనికి కాడకు కూడా నీళ్లుండాలి.

నీళ్లు సిద్ధం చేసుకోవడం

పూలు విప్పకముందే నీళ్లు చూసుకోండి. మన ఊళ్లలో చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం పన్నెండుకు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. ఆ నీళ్లు బకెట్లో పట్టి పూలు పెడితే ఉడకబెట్టినట్టే. పొద్దున అయిదింటికే రెండు బకెట్లు పట్టి నీడపట్టున పెట్టుకోండి, లేదా కుండలో నీళ్లు వాడండి. కుండ నీళ్ల చల్లదనం ఈ పూలకు సరిగ్గా సరిపోతుంది. ఐసుముక్కలు వేయకండి.

రెండో సంగతి ఉప్పు. ప్రకాశం జిల్లాలో మా పుట్టింటి వైపు బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. అలాంటి నీళ్లు కాడలోకి సరిగా ఎక్కవు. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. జెర్బెరా, గ్లాడియోలస్ లాంటి పూలకైతే ఫ్లోరైడ్ అస్సలు పడదు, అంచులు మాడిపోతాయి. ఏ పూలు పెట్టినా వాజులోకి మాత్రం తాగే నీళ్లు, అంటే క్యాన్ నీళ్లో ఆర్వో నీళ్లో పోయండి. రెండు లీటర్ల దగ్గర పొదుపు చేసి పూలు పోగొట్టుకోవద్దు. తల ముంచడానికి మామూలు కొళాయి నీళ్లు చాలు.

కాడ కోయడం

పదునైన మొక్కల కత్తెర గానీ కూరగాయల కత్తి గానీ తీసుకోండి. కాగితాలు కత్తిరించే కత్తెర కాడను నలిపేస్తుంది, లోపలి సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. కోసేముందు కత్తిని సబ్బుతో కడగండి. ఒక బేసిన్‌లో నీళ్లు పోసి, కాడ మొదలును నీళ్లలోనే ముంచి ఉంచి, కింది నుంచి రెండు అంగుళాల మేర ఏటవాలుగా కోయండి. బయట కోస్తే ఆ క్షణంలోనే కాడ గాలిని పీల్చుకుంటుంది. నీళ్లలో కోస్తే గాలికి బదులు నీళ్లే పీల్చుకుంటుంది.

కాడ మొదలు గోధుమరంగులో చెక్కలా ఉంటే, పొడవు సరిపోతుందనుకుంటే, పచ్చగా ఉన్న చోటిదాకా కోసేయండి. పొట్టిదైపోతుందని భయం వద్దు, ఈ గుత్తులు పొట్టి వాజులోనే అందంగా కుదురుగా కూర్చుంటాయి. చెక్క కాడే తప్పదంటే చివర అంగుళం మేర నిలువుగా చీల్చండి. సుత్తితో దంచమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. దంచిన కాడ నలిగి నీళ్లలో తొందరగా కుళ్లుతుంది, ఆ కుళ్లే మళ్లీ అడ్డం పడుతుంది.

ఆకులు తీసేయండి. నీళ్లలో మునిగేవి తప్పకుండా, పైవి కూడా ఒక్కటో రెండో ఉంచి మిగతావన్నీ. పచ్చటి ఆకులు తీయడానికి మనసొప్పదు, నాకూ మొదట్లో ఒప్పలేదు. కానీ గుత్తికి రావాల్సిన నీళ్లను అవే తాగేస్తాయి.

పటిక

ఇక అసలు మందు. కిరాణా కొట్లో దొరికే పటికే. మడ్డి నీళ్లు తేర్చడానికి బిందెలో తిప్పేది, మంగలి షాపులో గడ్డం గీశాక చెంపకు రుద్దేది, కొట్టు గుమ్మానికి దిష్టికి కట్టేది అదే. చిన్న గడ్డ తెచ్చి, పాత గుడ్డలో చుట్టి దంచి, మెత్తటి పొడి చేసి ఒక సీసాలో పోసి పెట్టుకోండి. ఏడాది పొడవునా పనికొస్తుంది. దంచిన రోలును మాత్రం బాగా కడగాలి.

గుత్తిని తలతో సహా ముంచే పని ఒకటుంది, కింద చెబుతాను, అది దీనికి ముందే అయిపోవాలి. కాడ నీళ్లలో కోశారు కదా, బయటికి తీసి ఆరనివ్వకుండా వెంటనే తడి చివరను పొడిలో అద్దండి. అర అంగుళం మేర చాలు. పచ్చి మామిడి ముక్కను ఉప్పులో అద్దినట్టు తెల్లగా పట్టుకోవాలి. విదిలించకుండా అలాగే వాజు నీళ్లలోకి దించేయండి. కొంచెం పొడి నీళ్లలోకి రాలి మబ్బుగా కనిపిస్తుంది, కాసేపటికి తేరుకుంటుంది. పటికకు పులుపు గుణం ఉంది. నీళ్లను కొద్దిగా ఆమ్లంగా మార్చి బాక్టీరియాను అదుపులో పెడుతుంది, కాడ నోరు మూసుకుపోకుండా చూస్తుంది. ఒకే రోజు వచ్చిన రెండు కాడల్లో ఒకదానికి అద్ది, ఒకదానికి అద్దకుండా పక్కపక్కనే పెట్టి చూశాను. అద్దనిది రెండోరోజు మధ్యాహ్నానికి వాలిపోయింది. అద్దింది నాలుగోరోజు పొద్దున కూడా నిటారుగా ఉంది.

పటికలో అల్యూమినియం ఉంటుంది, అందుకే కొందరికి రంగు మారుతుందేమోనని అనుమానం వస్తుంది. కోసిన పువ్వుకు ఆ భయం లేదు. రంగు కథంతా మట్టిలో ఉన్నప్పటిది. మట్టి పుల్లగా ఉంటే అందులోని అల్యూమినియం వేళ్లకు అంది పువ్వు నీలమవుతుంది. సున్నం పాలు ఎక్కువైతే అదే మొక్క గులాబీ రంగు పూస్తుంది. ఒకే మొక్క, మట్టి మారితే రంగు మారడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

పటిక చేతిలో లేకపోతే మరిగే నీళ్లు. స్టవ్ మీంచి దించిన నీళ్లు ఒక గ్లాసులో మూడు వేళ్ల ఎత్తు పోసి, కోసిన కాడ చివర అంగుళం మేర ముప్పై సెకన్లు ముంచండి. ఆవిరి గుత్తికి తగలకుండా కాడను వాల్చి పట్టుకోండి, లేదా గుత్తిని న్యూస్ పేపర్‌లో చుట్టండి. కాడలోంచి సన్నటి బుడగలు గొలుసులా పైకొస్తాయి, అది లోపల ఇరుక్కున్న గాలే. ముప్పై సెకన్లు కాగానే చల్లటి నీళ్లలోకి మార్చండి. తాజా కాడలకు నేను పటికే వాడతాను. వాడిపోయి వచ్చినవాటికి, చెక్క కాడలకు మరిగే నీళ్లు బాగా పనిచేశాయి.

తల ముంచి, విశ్రాంతి ఇవ్వడం

హైడ్రేంజియాకున్న వరం ఒకటుంది. కాడతోనే కాదు, గుత్తితో కూడా నీళ్లు తాగుతుంది. అందుకే వాజులో సర్దేముందు గుత్తిని పెద్ద బేసిన్‌లో చల్లటి నీళ్లలో పూర్తిగా ముంచి అరగంట ఉంచండి. పైకి తేలుతుంటుంది కాబట్టి మీద ఒక పళ్లెం బోర్లించండి. తీశాక కాడ పట్టుకుని నెమ్మదిగా రెండుసార్లు విదిలించండి, మధ్యలో నీళ్లు నిలిస్తే మచ్చలు పడతాయి. తల ముంచిన తర్వాతే కాడ తాజాగా కోసి పటిక అద్దండి. ముందే అద్దితే బేసిన్ నీళ్లలో కడిగేసుకుపోతుంది. రంగు స్ప్రే కొట్టిన పూలను మాత్రం ముంచకండి, రంగంతా దిగిపోతుంది.

ఆ తర్వాత రెండు మూడు గంటలు ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే చోట నీళ్ల బకెట్‌లో నిలబెట్టి వదిలేయండి. మా ఇంట్లో అది బియ్యం డ్రమ్ము పక్క మూల. ఫంక్షన్ రేపనగా పూలు ఇవాళే వస్తే రాత్రంతా అక్కడే ఉంచుతాను. ఫ్రిజ్‌లో చోటుంటే కింది అరలో, మీద ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి పెట్టొచ్చు. కానీ అప్పుడు ఫ్రిజ్‌లోంచి పండ్లన్నీ తీసేయండి. పండే కాయల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది చాలా పూలను తొందరగా ముదరపెడుతుంది. హాల్లో ఉలవపాడు మామిడిపండ్ల బుట్ట ఉంటే వాజును ఇంకో గదిలో పెట్టండి.

వాజు, రోజువారీ పని

వాజును సబ్బుతో తోమి కడగండి. లోపల చెయ్యి పెడితే జారుడుగా తగలకూడదు. ముప్పావు దాకా నీళ్లు పోయండి, ఈ పువ్వుకు అడుగున రెండు అంగుళాలు పోస్తే చాలదు. పూలకు వేసే పొడి ప్యాకెట్ దొరికితే దాని మీద రాసినంత కలపండి. దొరకనివాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. లీటరు నీళ్లకు రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, ఒక టేబుల్ స్పూన్ చక్కెర, పావు టీస్పూన్ వాసన లేని లిక్విడ్ బ్లీచ్. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలున్న మనకు మొదటిదానికి కొదవ లేదు. చక్కెర పువ్వుకు ఆహారం, నిమ్మ నీళ్లను పుల్లగా చేస్తుంది, బ్లీచ్ బాక్టీరియాను ఆపుతుంది. బ్లీచ్ లేకుండా చక్కెర ఒక్కటే వేస్తే బాక్టీరియాకు విందు పెట్టినట్టవుతుంది. ఒక జాగ్రత్త, బ్లీచ్‌నూ నిమ్మరసాన్నీ నేరుగా కలపకూడదు, ఘాటైన విషవాయువు వస్తుంది. లీటరు నీళ్లలో ముందు నిమ్మరసం, చక్కెర బాగా కలిపాకే చివర్లో ఆ పావు స్పూన్ వేయండి, కిటికీ తెరిచి ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇదంతా మానేసి ఉత్త నీళ్లు రోజూ మార్చండి, దాదాపు అంతే ఫలితం ఉంటుంది. ఆస్పిరిన్ బిళ్లలు, రాగి నాణేలు వేసి చూశాను, నాకు తేడా కనిపించలేదు.

వాజు ఎక్కడ పెడతారన్నది నీళ్లంత ముఖ్యం. మన ఇళ్లలో ఫ్యాన్ ఆపడం కుదరదు. అయితే ఫ్యాన్ గాలి నేరుగా తగలని మూల ప్రతి హాల్లోనూ ఒకటుంటుంది. ఒక కాగితం ముక్క చేత్తో పట్టుకుని తిరిగి చూడండి, ఎక్కడ కదలదో అక్కడ పెట్టండి. ఏసీ ఎదురుగా వద్దు, చల్లగా ఉన్నా ఆ గాలి పొడిగా ఉంటుంది. టీవీ వెనక, ఫ్రిజ్ మీద వద్దు, అక్కడ వేడి తగులుతుంది. పడమటి కిటికీ అసలే వద్దు.

రోజూ పొద్దున నీళ్లు మార్చండి, సాయంత్రం మట్టం చూడండి. మొదటిరోజు అయిదారు కాడలు వాజులో సగం నీళ్లు తాగేసినా కంగారుపడకండి, అది మంచి గుర్తు. రెండు రోజులకోసారి కాడ చివర అర అంగుళం కోసి మళ్లీ పటిక అద్దండి. పొద్దునా సాయంత్రం గుత్తుల మీద సన్నటి తుంపరగా నీళ్లు కొట్టండి. కార్తీక మాసంలో మనకు వానలు పడే రోజుల్లో గాలిలోనే చెమ్మ ఉంటుంది కాబట్టి తుంపర మానేయొచ్చు, ఎక్కువైతే రేకల మీద బూజు పడుతుంది.

వాడిపోతే

ఒక్క గుత్తి తల వాల్చగానే బయటికి తీయండి. కాడ చివర అంగుళం కోసి ముప్పై సెకన్లు మరిగే నీళ్లలో పెట్టండి. తర్వాత గుత్తినీ కాడనూ కలిపి చల్లటి నీళ్లలో గంటా రెండు గంటలు ముంచేయండి. మెత్తబడిన రేకలు ఒక్కొక్కటే బిగుసుకుంటూ వస్తాయి, వేలితో తాకితే తెలుస్తుంది. తీసి కాడ మళ్లీ కొంచెం కోసి, పటిక అద్ది, నీడలో పెట్టండి. అంచులు గోధుమరంగుకు తిరిగి గలగలలాడుతుంటే మాత్రం అది నిజంగా అయిపోయిన గుత్తే.

ఫంక్షన్లకు వాడేవాళ్లకు ఒక మాట. డెకరేషన్‌లో గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ గులాబీలకు, కార్నేషన్లకు సరిపోతుంది గానీ దీని దాహానికి చాలదు. ఆ రోజు మా స్టేజీ మీద జరిగిందీ అదే, పైగా ఫోకస్ లైట్ల వేడి. ఒక్కో కాడకు నీళ్ల గొట్టం తొడగమనండి, లేదా సగానికి కోసిన వాటర్ బాటిళ్లు ఆకుల వెనక దాచి అందులో పెట్టమనండి. ముందు ఆకులు, మిగతా పూలు అన్నీ అమర్చి, ఈ గుత్తుల్ని అతిథులు వచ్చే గంట ముందు మాత్రమే బకెట్‌లోంచి తీయమనండి.

తీసేసిన ఆకులు, కాడలు మేకలకు, ఆవులకు వేయకండి. ఈ మొక్కలో విషపదార్థం ఉంది. పిల్లలు, పెంపుడు కుక్కలు, పిల్లులు నోట్లో పెట్టుకోకుండా కూడా చూడాలి. భోజనాల బల్ల మీద అలంకరణకు పర్వాలేదు, కేకు మీదా పళ్లెంలోనూ పెట్టొద్దు.

వారం తర్వాత రేకలు తడి తగ్గి కాగితంలా మారుతుంటే నీళ్లు మార్చడం ఆపేయండి. వాజులో రెండు అంగుళాల నీళ్లు మాత్రం ఉంచి, వెలుతురు తక్కువగా ఉన్న చోట పెట్టి వదిలేయండి. ఆ నీళ్లు వాటంతటవే ఇంకిపోయే లోపు గుత్తి ఆకారం చెడకుండా ఎండిపోతుంది. నీలం కాస్త బూడిదరంగులోకి, పచ్చలోకి దిగుతుంది, అదీ బాగుంటుంది. ఆ రోజు డ్రమ్ములోంచి లేచిన మూడింటిలో ఒకటి ఇప్పటికీ మా అత్తయ్య గదిలో అల్మరా మీద ఉంది. దుమ్ము పడితే హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి, మూరెడు దూరం నుంచి ఊదుతుంది.